కొండ పిట్టా, తీరం పిట్టా

పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు వర్గీకరణ పాఠం చెబుతున్నాను. రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అంటూ కళ్లు మూసుకుని అప్పజెప్పగలను. మా పిల్లలూ నా దగ్గర అలాగే అప్పజెప్పి, మార్కులు తెచ్చుకుని, హాయిగా ఇంజనీర్లయిపోయారు. అయితే ఇన్నేళ్లలో పేరు తెలియని ఒక్క ప్రాణినైనా చేతిలోకి తీసుకుని, ఇది ఫలానా అని నేనుగా తేల్చిన పాపాన పోలేదు. పోయినేడు దాకా ఆ అవసరమూ రాలేదు.

మస్కట్‌లోని ఘుబ్రాలో మేముండేది మూడంతస్తుల బిల్డింగు. పైన నేనూ మా ఆయనా, కింద ఇంటి యజమాని. ఆయన ఒమానీ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. పుట్టిందీ పెరిగిందీ తూర్పు ఆఫ్రికాలో. ఇక్కడ అలాంటి కుటుంబాలు బోలెడు. తాతల కాలంలో పడవలెక్కి ఆఫ్రికా తీరానికి వెళ్లి, అక్కడ దుకాణాలు పెట్టుకుని, తర్వాత తిరిగొచ్చినవాళ్లు. ఆయన అరబ్బీ కంటే స్వాహిలీ హాయిగా మాట్లాడతారు, ఆ రెండిటి కంటే ఇంగ్లీషు గంభీరంగా మాట్లాడతారు. మేం ఆయన్ని అంకుల్ అంటాం. ఆయన నన్ను టీచర్ అంటారు, మా ఆయన్ని టీచర్ భర్త అంటారు.

ఎండలు తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం ఆయన బిస్కెట్ల డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. టీకి బిస్కెట్లు తెచ్చారేమో అనుకుని నేను పళ్లెం తీశాను. ఆయన మూత తీశారు. లోపల దూది పరుపు మీద ఒక పిట్ట వెల్లకిలా పడుకుని ఉంది. రెక్కలు ముడుచుకుని, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసి దారంతో కట్టి, కళ్లున్న చోట రెండు దూది ఉండలు. అద్దాల పెట్టెల్లో కొమ్మ మీద నిలబెట్టే బొమ్మ లాంటిది కాదు. మ్యూజియాల సొరుగుల్లో దాచుకునేందుకు చర్మం ఒలిచి, దూది కూరి, కుట్టిన నమూనా. మైనా అంత ఉంటుంది. పైనంతా గోధుమ రంగు, పక్కలకు నారింజ రంగు, పొట్ట తెలుపు. కాలి దారానికి ఉండాల్సిన చీటీ ఎప్పుడో ఊడిపోయింది.

"ఇదేం పిట్టో చెప్పగలరా, టీచర్?" అని అడిగారాయన. "పేరు కాదు నాకు ముఖ్యం. ఎక్కడిదో కావాలి."

అప్పుడు చెప్పారు సంగతి. టాంగా అనే రేవు పట్టణానికి పైన ఉసంబర కొండలున్నాయట. వాళ్ల నాన్న అక్కడ బట్టలు, ఉప్పు, కిరసనాయిలు అమ్మే కొట్టు నడిపేవాడు. ఈయన పుట్టింది ఆ కొండ మీదే. ఈయనకు ఐదేళ్లప్పుడు అమ్మ చనిపోయింది. నాన్న కొట్టు మూసేసి పిల్లలిద్దరినీ లారీ ఎక్కించి టాంగాకు దిగిపోయాడు. ఆ లారీలో తన ఒళ్లో పంజరం ఉందనీ, పంజరంలో ఈ పిట్ట ఉందనీ ఆయనకు స్పష్టంగా జ్ఞాపకం. ఏడాది తర్వాత పిట్ట చచ్చిపోతే పూడ్చిపెట్టనివ్వకుండా ఏడ్చాడట. ఆ ఊళ్లో ఒక తెల్ల డాక్టరుకు పక్షుల్ని ఒలిచి పెట్టే పనివాడుండేవాడు. నాన్న అతని చేత ఇలా చేయించాడు.

"మా దాదా మాత్రం ఒప్పుకోరు. ఇది తీరం పిట్టేనంటారు. ప్రతి శుక్రవారం భోజనాల దగ్గర ఇదే గొడవ" అన్నారు.

హిందీలో దాదా అంటే తాత. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకా తాత ఉన్నారా అని నేను తెల్లబోయాను. గట్టి ఆయుష్షున్న మనిషి అనుకుని, దాదాగారి వయసెంతని మర్యాదగా అడిగాను. ఎనభై రెండన్నారు. లెక్క ఎక్కడో తేడా కొట్టింది. స్వాహిలీలో దాదా అంటే అక్క అని అప్పుడు తెలిసింది.

రెండ్రోజుల్లో చెబుతానని డబ్బా ఉంచుకున్నాను. రెండు నెలలు పట్టింది.

మొదటిరోజే అది థ్రష్ అని తేలిపోవడంతో నాకు గర్వం తలకెక్కింది. థ్రష్‌లంటే నేల మీద ఆకులు తిరగేసి పురుగులు ఏరుకు తినే పిట్టలు. పాటకు పెట్టింది పేరు. అవి లేని ఖండం దాదాపు లేదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆఫ్రికాలో నారింజ పక్కల థ్రష్‌లు ఒకటి కాదు, అరడజను పైనే ఉన్నాయి. అన్నీ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ముక్కు పసుపా నారింజా, గొంతు మీద గీతలు సన్నమా లావా, పొట్ట తెలుపు ఎంతవరకు అన్న ఆనవాళ్లతో విడదీయాలి. అవన్నీ బతికున్న పిట్టకు. చచ్చిన పిట్ట ముక్కుకు డెబ్బై ఏళ్లయ్యేసరికి రంగేముంటుంది? ఎండిన బీడీ ముక్కలా ఉంది.

పైగా పుస్తకాలు ఒక మాట మీద ఉండవు. పాత పుస్తకంలో ఆ కొండల మీది పిట్టను ఆలివ్ థ్రష్‌లో ఒక తెగగా కలిపేశారు. కొత్త జాబితాల్లో దాన్ని విడదీసి, ఉసంబర థ్రష్ అని సొంత జాతి హోదా ఇచ్చారు. ఆ కొండలూ, పక్కనున్న మరో కొండల వరసా తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. నేనేమో ఇన్నేళ్లూ జాతి అంటే రాతి మీద చెక్కినట్టు చెప్పేదాన్ని. పిల్లల్లో ఒక్కరూ ఎందుకు ఎదురు ప్రశ్న వేయలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

పిట్టకు పురుగు పడుతుందేమోనని భయపడి, ఎక్కడో చదివిన ప్రకారం ప్లాస్టిక్ సంచిలో చుట్టి వారం రోజులు ఫ్రీజర్లో పెట్టాను. అందులో కడప నుంచి మా ఆడబిడ్డ పంపిన గోంగూర ముద్దలు, ఐస్‌క్రీమ్ డబ్బా ఉన్నాయి. ఐస్‌క్రీమ్ కోసం చెయ్యి పెట్టిన మా ఆయన సంచి బయటికి తీసి, విప్పి చూసి, నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

"ఇది కూర చేస్తావా, పాఠం చెప్తావా?" అన్నాడు.

పాఠమేనని చెప్పాను. మళ్లీ జాగ్రత్తగా చుట్టి లోపల పెట్టాడు. మంచివాడు.

నా వల్ల కాదని తెలిశాక, ఆఫ్రికా పక్షుల నమూనాల మీద పని చేసే ఒక మ్యూజియం నిపుణురాలి చిరునామా వెతికి పట్టుకుని, పాతిక ఫొటోలతో మెయిల్ పంపాను. వారానికి జవాబొచ్చింది. ఫొటోలు బాగున్నాయని మెచ్చుకుని, వెంటనే ఒక హెచ్చరిక చేసింది. ఆ కాలంలో నమూనాలను పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసి నిలవ చేసేవారట. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, తినే వస్తువుల దరిదాపుల్లో ఉంచొద్దు అని రాసింది. ఆ వాక్యం చదివి నేను ఫ్రీజర్ వైపు చూశాను. గోంగూర పోయింది. ఐస్‌క్రీమ్ పోయింది. ఫ్రీజర్ మూడుసార్లు కడిగాను. మా ఆయన గోంగూర గురించి ఇప్పటికీ తలుచుకుంటాడు.

ఆవిడ మూడు ప్రశ్నలు కూడా అడిగింది. రెక్క పొడవెంత? గొంతు మీద గీతలెలా ఉన్నాయి? కంటి చుట్టూ ఈకలున్నాయా, లేక ఖాళీ చర్మం ఉందా? రెక్క కొలిచి పంపాను, అది ఏ జాతికైనా సరిపోయేలా వచ్చింది. గొంతు మీద ఏవో నల్లటి చారలున్నాయి గాని డెబ్బై ఏళ్ల మురికి అనుకున్నాను. కంటి చుట్టూ ఈకలు లేవు. డబ్బాలో ఇన్నేళ్లున్నందుకు పురుగులు కొట్టేసి ఉంటాయని రాశాను. పైనంతా గోధుమ రంగని గట్టిగా చెప్పాను. పుస్తకంలో కొండ పిట్ట గోధుమ రంగు, తీరంలో ఉండే బేర్ ఐడ్ థ్రష్ బూడిద రంగు.

ఆవిడ జవాబు రెండు వరుసలు. అలాగైతే ఉసంబర థ్రష్ కావచ్చు, కానీ కన్ను మరొక్కసారి చూడండి అని. నేను ఆ వాక్యంలో సగం తీసుకుని సగం వదిలేశాను.

ఆ సాయంత్రమే కిందికి వెళ్లి చెప్పాను, కొండ పిట్టేనండీ అని. ఊరికే చెప్పలేదు, ఉపన్యాసం ఇచ్చాను. ఒకప్పుడు దీన్ని వేరే జాతిలో కలిపేశారనీ, ఇప్పుడు సొంత పేరొచ్చిందనీ, మీ కొండలు తప్ప ప్రపంచంలో దీనికి ఇల్లే లేదనీ. ఆయన లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మా అమ్మ అక్కడే ఉంది టీచర్ అన్నారు. ఆవిడ ఫొటో కూడా లేదట. ఆ కొండ నుంచి తమతో వచ్చిన వస్తువంటూ ఈ ఇంట్లో ఏదైనా ఉంటే ఆ పిట్టేనట.

శుక్రవారం ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల దిష్‌దాషా వేసుకుని మత్రాలోని అక్కగారింటికి వెళ్లారు. సాయంత్రం మాకు కుంకుమపువ్వు వేసిన ఒమానీ హల్వా పెద్ద గిన్నె పంపారు. అక్క ఏమందని అడిగితే, ఏమీ అనలేదు, తిరిగి వాదించకపోవడం ఇదే మొదటిసారి అన్నారు. గెలిచిన సంతోషం మొహంలో తెలుస్తోంది. బిల్డింగు కాపలాదారుకూ, పాల వ్యాను డ్రైవరుకూ కూడా ఉసంబర థ్రష్ గురించి చెప్పారని తర్వాత తెలిసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. తరగతిలో చూపిస్తానని ఆయన్ని అడిగి, డబ్బాను బడికి తీసుకెళ్లాను. మా ల్యాబ్‌లో అటెండరు ఒకాయన ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన మేడం అంటాడు. ఈ దేశంలో ఆయన చెయ్యని పని లేదు. సైట్ మీద సెంట్రింగ్ కట్టాడు, ఖర్జూర తోటలో నీళ్లు పట్టాడు, చివరికి మా గాజు గొట్టాల మధ్యకు వచ్చాడు. బల్ల మీద తొడుగులేసుకుని నేను పిట్టను సర్దుతుంటే పక్కన నిలబడి చూస్తున్నాడు.

"కంటి సుట్టు బొచ్చు ల్యాదేంది మేడం దీనికి?" అన్నాడు.

పురుగులు తిన్నాయన్నాను.

"పురుగులు తింటె గిట్ల కొలిశినట్టు తింటయా? ఆ కంటికెంతుందో ఈ కంటికి గంతే ఉన్నది. ఇంకోకాడ ఒక్క బొచ్చు ముట్టలే."

మరి ఊడిపోయి ఉంటాయేమో అన్నాను, అది నిజం కావాలని కోరుకుంటూ. ఆయన భూతద్దం అందుకుని వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఇబ్రి ఊర్ల రెండేండ్లు కోళ్ల దుకాణంల చేసిన మేడం. డ్యూటీ అంటె పొద్దుగాల నుంచి బొచ్చు పీకుడే. బొచ్చున్నకాడ పీకితే తోలు మీద పొక్కలు కనబడ్తయి. గీడ ఒక్క పొక్క ల్యాదు, నున్నగున్నది. గీడ బొచ్చు మొలవనే మొలవలే."

భూతద్దం నేను తీసుకున్నాను. కంటి వెనక దాకా పాకిన ఆ చర్మం ఎండి ముడుచుకుపోయింది గాని, అద్దంలా నున్నగా ఉంది. దాని అంచు దగ్గర ఈకలు మొదలయ్యే చోట చిన్న చిన్న చుక్కలు వరసగా కనిపించాయి. లోపల ఒక్కటీ లేదు. గొంతు దగ్గర దూదితో మెల్లగా తుడిచాను. మురికి పోలేదు. తెల్లటి గొంతు మీద దళసరి నల్ల గీతలు ఇంకా స్పష్టంగా తేలాయి. తీరం పిట్ట గొంతు గురించి పుస్తకంలో సరిగ్గా ఆ మాటే ఉంది. చదివాను కూడా.

కొత్త ఫొటోలు పంపితే నిపుణురాలు ఆ రోజే జవాబిచ్చింది. బేర్ ఐడ్ థ్రష్, అంటే బోడి కళ్ల థ్రష్, సందేహం లేదంది. దశాబ్దాలు గడిస్తే ఈకల్లోని బూడిద రంగు గోధుమకు తిరగడం మామూలేననీ, అందుకే కన్ను మళ్లీ చూడమన్నాననీ రాసింది. ఈకల గుంటల సంగతి కనిపెట్టింది ఎవరని అడిగింది. కోళ్ల దుకాణం గురించి రాశాను. తన దగ్గర శిక్షణకు వచ్చేవాళ్లందరినీ ముందు అలాంటి దుకాణానికి పంపాలనుందని రాసింది. ఆ మాట అన్నకు చదివి వినిపిస్తే నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్లీ చదవమన్నాడు.

ఇక అంకుల్‌కు చెప్పాలి. నాలుగు రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను. ఆయన తలుపు తెరిచి ఉంటే మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని దిగిన మాట నిజం. పంతొమ్మిదేళ్ల సర్వీసున్న టీచరును. సగం మెయిల్ చదివి, ఒక పెద్దాయనకు వాళ్లమ్మ కొండను చేతిలో పెట్టినట్టే పెట్టాను. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలి. అసలు చెప్పకపోతే ఏమవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. ఎవరికి నష్టం? అదే మా ఆయనతో అన్నాను.

"మత్రాలో ఆ పెద్దామె లేదా? ఆమె నిజమే చెప్తాండె గదా ఇన్నేండ్లూ. ఓడిపోయి కూర్చోనుండేది ఆమె" అన్నాడు ఆయన.

ఆవిడ సంగతి నేను అసలు ఆలోచించలేదు. ఐదో రోజు కిందికి వెళ్లాను.

అంకుల్ మొత్తం విన్నారు. నేను భూతద్దం ఇచ్చాను, కంటి దగ్గర చూపించాను, పుస్తకంలో పటమూ చూపించాను. ఆ పిట్ట ఉండేది ఎండు పొదల్లో, తీరం వెంట. ఆ తడి కొండ అడవుల్లో కాదు. ఆయన భూతద్దం పక్కన పెట్టి, చాలాసేపు పటం మీద వేలు పెట్టి ఉంచారు.

"లారీలో నా ఒళ్లో పంజరం ఉంది, టీచర్. దాని చువ్వలు నాకు గుర్తు" అన్నారు.

నేను తల దించుకున్నాను. తప్పు నాదేనని, తొందరపడ్డానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. శుక్రవారం మీరు నాతో మత్రాకు రండి, ఆమెకు మీరే చెప్పండి, ఆ మాట నా నోటితో చెప్పలేను అన్నారు.

మత్రాలో కోర్నిష్ అనే సముద్రపు ఒడ్డు రోడ్డు వెనక సందుల్లో కారు పోదు. సూక్ అనే పాత బజారులో గుజరాతీ వర్తకుల బట్టల కొట్లు దాటి, మెట్లు ఎక్కి వెళ్లాలి. అక్కగారు చిన్నగా, బిగువుగా ఉన్న మనిషి. భర్త జీవితమంతా ఆ వర్తకులతోనే గడిపినందువల్ల ఆవిడకు హిందీ బాగా వచ్చు. తనను ఖాలా, అంటే పిన్నీ, అని పిలవమంది. కొబ్బరి పాలతో వండిన అన్నం, చేపల పులుసు పెట్టింది. తినేటప్పుడు ఎవరూ పిట్ట మాట ఎత్తలేదు. తిన్నాక నేను డబ్బా తెరిచి చెప్పాను. ఇది తీరం పిట్టే, మీరు చెప్పిందే నిజం, పోయినసారి పొరపాటు నాది అని.

ఆవిడ గెలిచినట్టేమీ కనిపించలేదు. తమ్ముడి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు.

"నాకు తెలుసు. దాని పంజరం రోజూ కడిగింది నేనేగా" అంది.

అప్పుడు చెప్పింది, హిందీలో మొదలుపెట్టి, మధ్యలో స్వాహిలీలోకి జారి, నా కోసం మళ్లీ హిందీలోకి వచ్చి. టాంగాలో దిగాక తమ్ముడు నెల రోజులు సరిగ్గా తిండి తినలేదట. కొండ మీద వాళ్లింటి వెనక పొద్దున్నే ఒక పిట్ట పాడేది, అది కావాలని ఏడ్చేవాడట. నాన్నకు ఏం చెయ్యాలో తోచలేదు. ఒకరోజు పిట్టల వేటగాడు పంజరాలు మోసుకుని వీధిలోకి వస్తే, టాంగాలో మళ్లీ పెట్టిన కొట్టులోంచి, అక్కడి ఆడవాళ్లు చుట్టుకునే కొత్త కాంగా గుడ్డ ఒకటి చింపి ఇచ్చి, ఈ పిట్టను తీసుకున్నాడు. కొండ మీంచి నీ పిట్టే నిన్ను వెతుక్కుంటూ వచ్చిందని తమ్ముడికి చెప్పాడు. ఆ రోజు వాడు రెండు రొట్టెలు తిన్నాడు. అక్కకు తొమ్మిదేళ్లు. నిజం చెప్పొద్దని నాన్న ఆమె చేత ఒట్టు పెట్టించుకున్నాడు.

"మరి లారీలో నా ఒళ్లో ఉన్నదేమిటి?" అన్నారు అంకుల్, కిటికీ వైపు నుంచి తిరక్కుండానే.

"లాంతరు. గ్లాసు పగలకుండా గట్టిగా పట్టుకోమని నాన్న నీకిచ్చాడు. దానికీ చువ్వలుంటాయి."

అప్పుడు ఆయన ఇటు తిరిగి అడిగారు, నాన్న పోయాకైనా చెప్పొచ్చు కదా అని.

"అప్పటికి నీకు నలభై ఏళ్లు, ముగ్గురు పిల్లలు. నలభై ఏళ్లవాణ్ని కూర్చోబెట్టి పిట్ట సంగతి ఏమని ఎత్తను?" అంది ఖాలా. "అలాగని పూర్తిగా నోరు మూసుకోవడమూ నా వల్ల కాలేదు. కొండ పిట్ట అన్నప్పుడల్లా కాదు అనేదాన్ని. అంతవరకే అనేదాన్ని."

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. ఆయన పక్క సీట్లో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను చేసిన పని మంచిదో కాదో తేల్చుకోలేక, సిగ్నళ్ల దగ్గర అనవసరంగా అద్దాలు సర్దుకుంటూ కూర్చున్నాను. ఘుబ్రా రౌండెబౌట్ దగ్గర ఆయన నోరు విప్పారు.

"మా నాన్న కొట్టులో గుడ్డ మాకెప్పుడూ ఇచ్చేవాడు కాదు, టీచర్. పండక్కి కూడా పాత తాన్లలో మిగిలిన ముక్కలతో కుట్టించేవాడు. దగ్గరికి తీసుకోవడం, ముద్దు చెయ్యడం ఎరగడు. నేను ఆయనకు భయపడే పెరిగాను." ఒళ్లోని డబ్బా మూత సవరించారు. "కొత్త కాంగా చింపి ఇచ్చాడట."

ఆ తర్వాత ఇంటిదాకా ఆ గుడ్డ రంగేమై ఉంటుందా అని ఆలోచించారు. అక్కకు ఫోన్ చేసి అడిగారు. ఎరుపని ఆమె అందనీ, పసుపు అయ్యుండొచ్చు కదా అని తానన్నాననీ తర్వాత చెప్పారు. స్వాహిలీ నాకు రాదు గాని, కొత్త వాదం మొదలైందని గొంతులను బట్టే తెలిసింది. ఆ రోజు మొదటిసారి నాకు ఊపిరాడింది.

పిట్ట ఇప్పుడు మత్రాలోనే ఉంది. అంకులే తీసుకెళ్లి ఇచ్చారు. పంజరం కడిగిన మనిషి దగ్గరే ఉండనీ అన్నారట. మ్యూజియానికి ఇస్తారా అని నిపుణురాలు ఒకసారి అడిగింది. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాతపూర్వకంగా లేని నమూనా సైన్సుకు పెద్దగా పనికిరాదని కూడా ఆవిడే నిజాయితీగా చెప్పింది. ఆ మాట వాళ్లకు చెబితే ఖాలా, పనికిరాకపోవడమే మంచిదైంది అంది.

నాకు మాత్రం ఈ వ్యవహారం వల్ల ఒక కొత్త జబ్బు పట్టుకుంది. వర్గీకరణ పాఠానికి ఇప్పుడు బోర్డు దగ్గర మొదలుపెట్టను. ఒక ఈకో, గవ్వో, పేరు తెలియని గింజో ఏదో ఒకటి బల్ల మీద పడేసి, ఇదేమిటో మీరు చెప్పండి, నాకూ తెలియదు అంటాను. మొదట్లో పిల్లలు నమ్మలేదు. సిలబస్‌లో ఉందా మేడం అని అడిగారు. ఇప్పుడు వాళ్లే తెస్తున్నారు. పోయిన వారం ఎవరో ఎండిన బల్లిని తెచ్చారు. తొడుగులు వేసుకోమన్నాను.

సెలవు రోజుల్లో అన్నా నేనూ ఘుబ్రా బీచ్‌కు వెళ్తున్నాం. మా ఆయన వెంట వచ్చి, మడత కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి పేపరు చదువుకుంటాడు. చలికాలంలో ఆ ఒడ్డున సముద్రపు కాకులు వేలకు వేలు దిగుతాయి. గల్స్ అంటారు వాటిని. థ్రష్‌లు నయం. ఇవి పుట్టినప్పుడొక రంగు, రెండో ఏడొక రంగు, నాలుగో ఏడొక రంగు. ఏది ఏ జాతో చూసిన ప్రతివాడూ ఒక మాట చెబుతాడు. మూడు వారాలుగా ఒకదాని మీద మాకు పంచాయితీ నడుస్తోంది. నేను కాళ్ల రంగు చూడమంటాను. అన్నేమో తల ఆకారం చూడమంటాడు.

"కాళ్లకు బురద అంటింది మేడం. తల సూడుండ్రి, తలకు బురద అంటదు" అంటాడు.

నిన్న ఫొటోలు మెయిల్ చేశాను. ఇంకా జవాబు రాలేదు. ఈసారి ఎంత పొడవు రాసినా మొత్తం చదువుతానని అన్నకు మాటిచ్చాను.